జరిగిపోయే తెల్లగీత



ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్న చేతిని వరలక్ష్మీ వ్రతం నాడు ఒకసారి చూసుకోండి. అరచేతిలో చందమామ అప్పటికే వెలిసిపోయి ఉంటుంది. గోళ్ల మీద ఎరుపు మాత్రం అలాగే ఉంటుంది. కాకపోతే గోటి మొదట్లో, చర్మాన్ని ఆనుకుని, పెసరగింజంత మేర తెల్లగా తేలుతుంది. వినాయక చవితి దాటేసరికి ఆ తెలుపు సగం గోటి దాకా వస్తుంది. దసరా నాటికి ఎరుపు కొనల్లోనే మిగులుతుంది. రంగు ఎక్కడికీ పోలేదు. గోరే దాన్ని ముందుకు మోసుకుపోయింది.

నేను బెజవాడలో గోళ్ల పని చేస్తాను. మొదట పార్లర్లో మెహందీ, మానిక్యూర్ చేసేదాన్ని. తర్వాత అక్రిలిక్ గోళ్లు పెట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలోనే చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. పెళ్లిళ్ల కాలంలో నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది అడిగేది ఫ్రెంచ్ గోళ్లే. మొదలంతా లేత గులాబీ, కొన మీద తెల్లటి వంక. చీర ఏ రంగుదైనా, గాజులు ఏ రంగువైనా ఇది నప్పుతుంది. పెట్టించుకునే రోజు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, ఎన్నాళ్లుంటాయి?" దానికి నేను రోజుల లెక్క చెప్పను. గోరింటాకు సంగతి గుర్తు చేస్తాను. అక్రిలిక్ కూడా అలాగే గోటితో పాటు ముందుకు జరుగుతుంది. అలా జరిగేటప్పుడు దాన్ని ఎలా చూసుకోవాలన్నదే ఇవాళ్టి మాట.

చేతి గోరు నెలకు ఇంచుమించు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అన్ని వేళ్లకూ ఒకే వేగం ఉండదు. నడిమి వేలి గోరు ముందుంటుంది, బొటనవేలు, చిటికెన వేలు వెనకబడతాయి. కాలి గోరు ఇందులో సగం వేగమే. మొదలు నుంచి కొన దాకా చేతి గోరు పూర్తిగా కొత్తది కావడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఈ ఆరు నెలల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఈ గోళ్లు ఎక్కడ పుట్టాయో కూడా చెప్పాలి. కట్టుడు పళ్లు చేసే పదార్థానికీ ఈ గోళ్లకూ చుట్టరికం ఉంది. 1954లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడికి పనిలో గోరు విరిగితే, పళ్లకు వాడే అక్రిలిక్‌తోనే దాన్ని అతికించుకున్నాడని చెబుతారు. ఫ్రెంచ్ అనే పేరున్నా, ఆ తెల్లకొన పుట్టిల్లు ప్యారిస్ కాదు, హాలీవుడ్. ఓర్లీ కంపెనీ పెట్టిన జెఫ్ పింక్ 1970లలో సినిమా తారల కోసం దీన్ని తెచ్చాడంటారు. ఒక్కో సీనుకు ఒక్కో బట్ట మారుస్తూ, దానికి తగ్గట్టు గోళ్ల రంగు కూడా మార్చాలంటే షూటింగు ఆగిపోయేది. అన్నిటికీ సరిపోయేలా గులాబీ మీద తెలుపు వేశారు. తర్వాత అది ప్యారిస్ ఫ్యాషన్ షోలకు వెళ్లి, ఆ పేరుతో తిరిగొచ్చింది.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సంక్రాంతికి ఇంటికొచ్చే మన ఆడపిల్లలు కూడా, మూడు వారాల కిందట అక్కడ పెట్టించుకున్న గోళ్లతో నా దగ్గరికి వస్తుంటారు. అక్కడ ఈ పని చేసేవాళ్లలో వియత్నాం వాళ్లు చాలా ఎక్కువ. దాని వెనక ఒక కథ ఉంది. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోని ఒక శరణార్థి శిబిరానికి నటి టిప్పి హెడ్రెన్ వెళ్లింది. 'ది బర్డ్స్' సినిమా చేసిన ఆవిడే. అక్కడి స్త్రీలు ఆమె గోళ్లు చూసి ముచ్చటపడ్డారు. ఆమె తన మానిక్యూరిస్టునే పిలిపించి ఇరవై మందికి పని నేర్పించింది. ఊరు, ఇల్లు పోగొట్టుకుని వచ్చిన ఆ ఆడవాళ్లకు ఈ చిన్న బ్రష్షే అన్నం పెట్టింది. నా బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ఇరవై మందీ నాకు గుర్తొస్తారు.

సరే, పనిలోకి వద్దాం.

ఫ్రెంచ్ అక్రిలిక్ పెట్టుకున్న రెండు మూడు వారాలకు గోటి మీద మూడు మార్పులు వస్తాయి. రెండు మీకు కనిపిస్తాయి. గోటి మొదట్లో ఖాళీ పడుతుంది. అక్రిలిక్ అంచుకూ చర్మానికీ మధ్య మీ సొంత గోరు రెండు మిల్లీమీటర్ల మేర బయటపడి, వేలితో తడిమితే చిన్న మెట్టులా తగులుతుంది. ఇటు తెల్లగీత, మేము స్మైల్ లైన్ అంటాం, అది కొన వైపుకు జరుగుతుంది. పెట్టిన రోజు అది మీ గోరు వేలిని వదిలే చోట సరిగ్గా కూర్చుని ఉంటుంది. నెల తిరిగేసరికి 3 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. గోరు పొడవైందని మీరు కొన అరగదీస్తే తెలుపు ఇంకా సన్నబడి దారప్పోగులా అవుతుంది. అప్పుడు కింద ఉన్న అసలు గోటి అంచు గులాబీ రంగులోంచి నీడలా కనిపిస్తుంది. చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేరు.

మూడోది కంటికి కనిపించదు. గోళ్లు విరిగేది ఎక్కువగా దానివల్లే. అక్రిలిక్ గోరు అంతా ఒకే మందం ఉండదు. గోరు వేలిని వదిలి గాల్లోకి వెళ్లే చోటికి కాస్త పైన, తాబేలు వీపులా, ఎత్తుగా ఉంచుతాం. బలమంతా అక్కడే. గోరు పెరిగేకొద్దీ ఆ ఎత్తు కూడా ముందుకు పోతుంది. బలం ఉండాల్సిన చోట పలచన అవుతుంది, బరువు కొనకు చేరుతుంది. ఇప్పుడు మీ గోరు ఒక పలుగు. స్టీలు డబ్బా మూత ఎత్తబోయినా, కారు తలుపు లాగబోయినా, కొన మీద పడ్డ దెబ్బ మొదట్లో ఉన్న మీ సొంత గోటిని పెకిలిస్తుంది. అక్రిలిక్ ఒక్కటే విరిగితే బాధ లేదు. కింద గోరు కూడా అడ్డంగా చీలి రక్తం చిమ్మిందంటే ఆ నొప్పి పగవాళ్లకు కూడా వద్దు. అందుకే, "ఇంకా బాగానే ఉన్నాయి కదక్కా, నెలన్నర ఆగి వస్తాను" అనేవాళ్లను నేను బతిమాలుకుంటాను. రెండు వారాలకు రండి, మహా అయితే మూడు.

అలా వచ్చినప్పుడు చేసేదాన్ని రీఫిల్ అంటాం. ముందు వేళ్లు ఒక్కొక్కటే దీపం కింద పెట్టి చూస్తాను. అక్రిలిక్ ఎక్కడైనా గోటిని వదిలి లేచిందా? లేచిన చోట కింద గాలి చేరి తెల్లగా, పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంది. ఆ లేచిన మేరకు మాత్రం ఫైలుతో అరగదీసి తీసేస్తాను. దాన్ని ఊడబెరకడం అనే మాటే లేదు. తర్వాత ఆ మెట్టును పల్చగా, పల్చగా, గోటిలో కలిసిపోయేదాకా దింపుతాను. బయటపడ్డ కొత్త గోటి మీద మెరుపు పోయేంత వరకే మెత్తటి ఫైలు ఆడించాలి. ఆ పైన ఒక్క రుద్దు కూడా ఎక్కువే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పని నేర్చుకున్న తొలి ఏడాది, చేతిలో కొత్త డ్రిల్లు మెషిన్, బయట నలుగురు కూర్చుని ఉన్నారు. తొందరలో డ్రిల్లు మొన వంచి పట్టుకున్నాను. ఎదుటి అమ్మాయి చెయ్యి లాక్కుంది. చూస్తే ఉంగరం వేలి గోటి మొదట్లో ఎర్రటి వంకర గీత. గోటినే కోసేశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, మళ్లీ వచ్చింది కూడా. వచ్చిన ప్రతిసారీ ఆ గీత కొంచెం ముందుకు జరిగి ఉండేది. మొదట్లో ఉన్నది మధ్యకు, మధ్యలోంచి కొనకు. అది కత్తిరించి పారేసే రోజు వచ్చేసరికి నాలుగు నెలలు దాటింది. గోటికి చేసిన గాయం మందు రాస్తే మానదు, అది పెరిగి పోవాల్సిందే. ఆ నాలుగు నెలలూ నా తప్పు ఆ పిల్ల వేలి మీద నాకు కనిపిస్తూనే ఉంది. ఆరు నెలల సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. మీరు కూర్చున్న కుర్చీ ఎదుట ఎవరున్నా సరే, మంట అనిపిస్తే వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోండి. మొహమాటం వద్దు. గోళ్ల పని నొప్పి పుట్టకూడని పని.

మెట్టు దిగాక గోటి మీది తడి, జిడ్డు పోయేలా తుడిచి, ప్రైమర్ రాసి, అప్పుడు అక్రిలిక్. బ్రష్షును అక్రిలిక్ ద్రవంలో ముంచి, దాని మొనతో గులాబీ పొడిని తాకితే, చిన్న మంచుబిందువంత ముద్ద లేస్తుంది. దాన్ని ఖాళీలో దించి, వెనక్కి తోసి, ముందుకు దువ్వుతాం. చర్మానికి తగలకూడదు, వెంట్రుకంత సందు వదలాలి. తగిలితే రెండు రోజుల్లో అక్కడి నుంచే లేస్తుంది. నాలుగైదు నిమిషాలకు బ్రష్షు వెనక కాడతో గోటి మీద కొడతాను. మెత్తగా ఉంటే చప్పుడు రాదు. ఆరితే 'టక్' మంటుంది, గాజు గ్లాసును గోటితో మీటినట్టు. ఆ చప్పుడు విన్నాకే ఫైలు పట్టాలి.

రెండో రీఫిల్ నాటికి, అంటే ఇంచుమించు నెలా పది రోజులకు, గులాబీ ఒక్కటి నింపితే సరిపోదు. తెల్లగీతను వెనక్కి తేవాలి. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. పాత తెలుపు, గులాబీ కలిసే చోట అక్రిలిక్‌లో వంకరగా ఒక కాలువలాగా చెక్కి, పాత గీతను పూర్తిగా తీసేసి, ఈసారి అసలు గోటి అంచుకు సరిగ్గా ఆనేలా కొత్త తెల్లపొడితో ఆ వంక మళ్లీ గీయాలి. పది వేళ్ల మీదా ఆ వంక ఒకే లోతున రావాలి, రెండు కొసలూ ఒకే ఎత్తున నిలవాలి. పొడి ఆరేలోపు గీత దిద్దుకోవాలి. తెల్లపొడి చెయ్యి వణికితే క్షమించదు. ఆ తర్వాత పైన గులాబీ, దాని ఎత్తు మళ్లీ సరైన చోటికి. అందుకే దీనికి టైమూ ఎక్కువ, డబ్బూ ఎక్కువ. అలా అడిగినందుకు మీ టెక్నీషియన్ మీద కోపం తెచ్చుకోకండి.

కొందరు తెల్లకొనను అక్రిలిక్‌తో చెయ్యకుండా పైన జెల్ పాలిష్‌తో గీస్తారు. అప్పుడు ఈ చెక్కుడు ఉండదు. ఆ పాలిష్ పొర తీసేసి కొత్త గీత గీస్తే చాలు. నెల కాకముందే ఊరెళ్లేవాళ్లకు, ప్రతిసారీ బ్యాక్‌ఫిల్ ఖర్చు పెట్టలేనివాళ్లకు నేను ఇదే చెబుతాను. దగ్గరగా చూస్తే తప్ప తేడా తెలియదు.

ఇక ఇంట్లో. మన వంటిల్లు తెల్లగీతకు పెద్ద పరీక్ష. చికెన్‌కు పసుపూ కారం పట్టించారంటే తెల్లకొన సాయంత్రానికి చామంతిపూవు. చేతికి గ్లౌజు వేసుకోండి, లేదంటే గరిటెతో కలపండి. ఆవకాయ కలిపే రోజుల్లో ఈ గోళ్లు వద్దు, లేదా ఆ పని ఇంకొకరికి అప్పగించండి. పప్పన్నం చేత్తో కలుపుకు తినడం ఎలాగూ మానలేం. తిన్న వెంటనే సబ్బుతో, మెత్తటి బ్రష్షుతో గోటి అడుగు కూడా కడుక్కోండి. పసిపిల్లలకు గోరుముద్దలు పెట్టే తల్లులకు నా మనసులో మాట చెబుతున్నాను: ఆ ఏడాదీ రెండేళ్లూ గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. పొడవు గోటి కింద ఏం దాగుతుందో మనకు కనిపించదు.

అంట్లు తోమేటప్పుడు, బట్టలు నానబెట్టేటప్పుడు గ్లౌజు తప్పనిసరి. మన గోరు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. అక్రిలిక్ ఉబ్బదు, తగ్గదు. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే రెంటి మధ్య పట్టు సడలుతుంది. పాలిష్ మార్చుకోవాలంటే అసిటోన్ లేని రిమూవర్ వాడండి. అసిటోన్ అక్రిలిక్‌ను మెత్తబరుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు గోటి మొదట్లో ఒక చుక్క నూనె రాసి మర్దనా చెయ్యండి. జొజోబా నూనె దొరికితే సరి, దొరక్కపోతే కొబ్బరినూనె. రీఫిల్‌కు వచ్చే రోజు మాత్రం రాయకండి. జిడ్డు గోటి మీద అక్రిలిక్ నిలవదు.

గోరు ఎక్కడైనా లేచిందేమో తెలుసుకోవడానికి అద్దం అక్కర్లేదు. జడ వేసుకునేటప్పుడు వెంట్రుక గోటి మొదట్లో చిక్కుకుందా, పట్టుచీర జరీపోగు తగులుకుందా, లేచినట్టే. ఆ రోజే ఫోన్ చెయ్యండి. ఇక్కడే చాలామంది ఒక పని చేస్తారు. కిరాణా కొట్లో దొరికే జిగురు తెచ్చి ఆ సందులో వేసి నొక్కేస్తారు. పైకి అతుక్కుంటుంది. లోపల తడి ఉండిపోతుంది. ఆ తడిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరితే గోటి మీద పచ్చటి మచ్చ పడుతుంది. దాన్ని బూజు అనుకుంటారు, కాదు. ఆ బ్యాక్టీరియా వదిలే రంగు అది. అలా కనిపిస్తే పైన తెల్లపొడి వేసి కప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. అక్రిలిక్ తీసేసి, గోటిని పొడిగా ఉంచి, చర్మవైద్యుడికి చూపించండి. చుట్టూ వాచి గోరుచుట్టు లేచిందంటే నిమ్మకాయ తొడుక్కుని ఇంట్లో కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు అసలే ఆలస్యం చెయ్యకూడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు.

సీసాలో ఏముందో కూడా అడగండి. మంచి ద్రవం మీద ఇథైల్ మెథాక్రిలేట్, లేదా ఈఎంఏ, అని ఉంటుంది. మిథైల్ మెథాక్రిలేట్, ఎంఎంఏ అనేది చవక. ఎముకల సిమెంటులో, కట్టుడు పళ్లలో అది వాడతారు. కానీ గోళ్లకు వద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1970లలోనే వందశాతం ఎంఎంఏ ద్రవాల మీద చర్య తీసుకుంది. అది రాయిలా గట్టిపడుతుంది. దెబ్బ తగిలితే అది విరగదు, మీ గోరే ఊడుతుంది. అసిటోన్‌లో ఎంతసేపు నానబెట్టినా సరిగా కరగదు. లేబుల్ లేని సీసా కనిపిస్తే లేచి వచ్చెయ్యండి.

వేళ్ల చుట్టూ దురద, పొట్టు రాలడం, కొందరికి కనురెప్పల మీద కూడా దద్దుర్లు వస్తే అది అలర్జీ కావచ్చు. పూర్తిగా గట్టిపడని అక్రిలిక్ చర్మానికి తగలడం వల్ల వస్తుంది. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2018లో ఇదే హెచ్చరించింది. ఈ కుటుంబానికే చెందిన రసాయనాలు పంటి వైద్యంలో, కీళ్ల ఆపరేషన్లలో వాడతారు కాబట్టి ఆ అలర్జీ రేపు అక్కడ కూడా అడ్డం రావచ్చు. అందుకే ఇంట్లో కిట్లు కొనుక్కుని, చర్మం మీద పూసుకుంటూ నేర్చుకునే చిన్నపిల్లలను చూస్తే నాకు భయం వేస్తుంది.

తీయించుకోవడం కూడా పెట్టించుకున్నంత ఓపికగా జరగాలి. పైపొర అరగదీసి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి అరగంట కూర్చోవాలి. పొయ్యి దగ్గర, అగరొత్తుల దగ్గర వద్దు, అసిటోన్ భగ్గుమంటుంది. మెత్తబడ్డ అక్రిలిక్‌ను చెక్కపుల్లతో మెల్లగా తోసెయ్యాలి. రాకపోతే మళ్లీ చుట్టి ఇంకో పది నిమిషాలు. పంటితో పీకినా, దువ్వెన పన్ను దూర్చి లేపినా, మీ గోటి పొరలు కూడా దాంతో పాటు వచ్చేస్తాయి.

పోయిన నెల ఒక నర్సింగ్ విద్యార్థిని వచ్చింది. వాళ్ల అక్క పెళ్లికి నేనే పెట్టాను, సరిగ్గా రెండు వారాలు. రీఫిల్ కోసమనుకుని కుర్చీ లాగాను. "రేపటి నుంచి ఐసీయూలో డ్యూటీ అక్కా, తీసెయ్యండి" అంది. అవును, కృత్రిమ గోళ్ల కింద క్రిములు నిలుస్తాయని, ప్రాణాపాయంలో ఉన్న రోగుల దగ్గర పనిచేసేవాళ్లు అవి పెట్టుకోకూడదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2002లోనే చెప్పింది. పెళ్లిలో దిగిన ఫోటోలు ఫోన్లో చూపిస్తూ కూర్చుంది. రేకులు విప్పి, పదో గోరు తుడిచేసరికి ముప్పావుగంట. ఎక్కడా గీత పడలేదు, ఎక్కడా పలచబడలేదు. మొదట్లో మిల్లీమీటరున్నర కొత్త గోరు, నిగనిగలాడుతూ. కొనలు పొట్టిగా కత్తిరించి ఒక చుక్క కొబ్బరినూనె రాశాను. బొటనవేలితో మిగతా నాలుగు గోళ్లనూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. "తేలిగ్గా ఉన్నాయక్కా" అని, తెల్ల కోటు సంచి భుజాన వేసుకుని బస్సు టైమైందని పరిగెత్తింది.